పైడయ్య ఆదివారాలు

సభకు అధ్యక్షత వహించిన డైరెక్టర్ హరిచందన గారికి, వేదిక మీది పెద్దలకు, ఇన్నేళ్లూ నా సణుగుడు భరించిన మిత్రులకు, మొదటి వరసలో కూర్చుని 'తొందరగా ముగించు' అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడ మదీనా బీకి నమస్కారాలు. (నవ్వులు)

వన్‌టౌన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం మా నాన్నది. కొడుకు రాడార్ల ల్యాబులో చేరాడని ఆయన మురిసిపోతే, వీధిలోవాళ్లు మాత్రం నా ఉద్యోగం యాంటెన్నాల పనేనని విని, గాలివాన వచ్చినప్పుడల్లా 'మొహియుద్దీన్ భాయ్, మా డిష్ తిరిగిపోయింది' అంటూ తలుపు తట్టేవాళ్లు. కాదనలేక మేడలెక్కి తిప్పి వచ్చేవాణ్ణి. లోపల చేసే పని చెప్పకూడదు కదా, అదే నా ఉద్యోగమని వాళ్లు ఇప్పటికీ నమ్ముతున్నారు.

రిటైరవుతున్నానని ఈ రోజు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. వాటిలో సగం నావి కావు, పైడయ్యవి. కొత్తగా చేరిన పిల్లలకి తెలియదు గనక చెబుతున్నాను. పైడయ్య మా టెస్టింగ్ టెక్నీషియన్. నన్ను 'బావా' అనేవాడు. పోయిన వేసవిలో గుండెపోటుతో వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలో ఇప్పుడు వేరే అబ్బాయి కూర్చుంటున్నాడు, మంచివాడే, కానీ నాకు అటు చూడబుద్ధి కాదు.

పాతకాలపు రాడార్ మెడ తిప్పి తిప్పి వెతికేది. ఇప్పటిది కదలదు. ఒక పలక మీద బోలెడన్ని చిన్న చిన్న యాంటెన్నాలుంటాయి, అవి ఒకదాని వెనక ఒకటి కంటికందనంత తేడాతో పలుకుతుంటే, కిరణం ఎటు కావాలంటే అటు వాలుతుంది. శత్రువు రాడార్‌కి దొరక్కుండా ఎగరాల్సిన యుద్ధవిమానం ముక్కులో పెట్టేది గనక, అది అన్నీ చూడాలి, చూస్తున్న సంగతి మాత్రం ఎవరికీ తెలియకూడదు. ఒక్క యాంటెన్నా ముందో వెనకో పలికినా కిరణం పక్కలకి చెదిరి విమానాన్ని పట్టిస్తుంది. సెక్యూరిటీ వారు కంగారుపడకండి, ఇదంతా కాలేజీ పుస్తకాల్లో ఉన్నదే. (నవ్వులు)

అలా చెదిరినప్పుడు పైడయ్య, "బావా, బజన్లో ఎవడో తాళం తప్పేడు, ఆడెవడో పట్టాల" అనేవాడు. పట్టేదాకా లేచేవాడు కాదు. గోడల నిండా, తరంగాల్ని మింగేసే నల్లటి ముళ్ల మెత్తలు అతికించిన మా పరీక్ష గది వారంలో మిగతా రోజులు వేరే జట్లకి ఇచ్చేవారు. మాకు దొరికింది ఆదివారమే. రెండేళ్లు అంతే. ఫోన్లు గేటు దగ్గరే పెట్టెయ్యాలి. ఎవరు ఏ రోజు లోపల ఉన్నారో బయటివాళ్లకి చెప్పకూడదు, అది ఇంటావిడైనా సరే.

ప్రతి ఆదివారం పొద్దున్నే ఎక్కడికి పోతున్నాడని ముందు పైడయ్య పక్కింటివాళ్లు అన్నారు. గోపాలపట్నంలో బస్సు దిగుతుంటే చూశామని, అక్కడ ఇంకెవరో ఉన్నారని ఇంకొకరన్నారు. పైడయ్య భార్య గంగాలమ్మ గేటుకి ఫోన్ చేస్తే, 'వివరాలు చెప్పకూడదమ్మా' అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదని లోకం అనుకుంటుంది కదా, మల్కాపురంలో వాళ్ల వీధంతా అలాగే అనుకుంది. మా ఇంట్లో ఆ గొడవ రాలేదు. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నీ మొగానికి ఇంకొకర్తి కూడానా" అంది. (నవ్వులు)

పైడయ్య మాత్రం నవ్వలేకపోయాడు. ఒక మధ్యాహ్నం క్యారేజీ ముందు పెట్టుకుని, "మా యావిడ మాటాడ్డం మానేసింది బావా. ఏటి సెప్పను? సెప్పకూడదు గదా" అన్నాడు. రెండు ముద్దలు తిని మళ్లీ లోపలికెళ్లాడు.

ఆయన పోయాక గంగాలమ్మ మా ఇంటికొచ్చింది. "అన్నయ్యా, నిజం సెప్పు, ఆ మడిసికి ఇంకో ఇల్లుండేదా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. "నువ్వాయన నేస్తానివి, ఇంకేటి సెబుతావులే" అంది. మరి ఎక్కడున్నాడంటే నా దగ్గర జవాబుంది, చెప్పే వీలు లేదు. ఆమె మెట్లు దిగి వెళ్తుంటే నాకు కన్నీళ్లొచ్చాయి.

అందుకే వీడ్కోలు కానుకగా డైరెక్టర్ గారిని ఒక్కటే కోరాను, శాలువా లేకపోయినా పర్వాలేదు, ఆ ఒక్క మాట చెప్పనివ్వండని. ఆవిడ పైవాళ్లందరితో మాట్లాడి రెండూ ఇచ్చారు. ఆమెకి చేతులెత్తి మొక్కుతున్నాను. చాటుగా చెబుతానంటే గంగాలమ్మ ఒప్పుకోలేదు. "నలుగురూ అన్న మాట అన్నయ్యా, నలుగురి ముందే సెప్పు" అంది. వెనక వరసలో ఉంది.

మీ అందరికీ కృతజ్ఞతలు. విమానం ఎగిరే రోజుకి నేను బయటివాణ్ణి, నాకెవరూ చెప్పరు. చెప్పకండి కూడా.

చెల్లెమ్మా గంగాలమ్మా, ఆ ఆదివారాలన్నీ నీ భర్త ఈ ఆవరణలోనే ఉన్నాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా పక్కనే ఉన్నాడు. ఇంత చిన్న మాట నీతో చెప్పుకునే వీలు బతికుండగా ఆయనకి లేకపోయింది. ఆయన బదులు నేను చెబుతున్నాను.

సెలవు.