రాణి చెంప మీద మూడు చుక్కలు

నజ్రాన్, వెండి బజారులో పాత నాణేల కొట్టు. మధ్యాహ్నం నమాజుకు షట్టరు సగం దించి ఉంది. యజమాని, వాళ్ళిద్దరి వీసాలకు పూచీ ఉన్న కఫీల్, మసీదుకు వెళ్ళాడు. లోపల ఇద్దరే: కౌంటరు వెనక మహబూబ్ బాషా, ఎదురుగా స్టూలు మీద, కాళ్ళ దగ్గర బ్యాగుతో, రాజేశం. షట్టరు కింద కనిపించే ఎండ చారను చూస్తున్నంతసేపు రాజేశం మొహం చూడక్కర్లేదని బాషాకు అనిపించింది.

"అది కాదు రాజేశం అన్నా, ముందు అన్నం తిను. చల్లారిపోతాది."

"తింట. ముందుగాల గా వెండి బిళ్ల చూపెట్టు."

"ఏ బిళ్ల?"

"ఎన్ని బిళ్లలున్నయ్ తమ్మీ? కొనుక్కపోయిన రియాద్ ఆయన వాపస్ తెచ్చి కఫీల్ మొకాన గొట్టిపోయిన బిళ్ల. నన్ను ఇంటికి తోలుతున్న బిళ్ల."

"అది కఫీల్ డ్రాయర్లో పెట్టుకున్యాడు."

"నీ జేబుల ఉన్నది. పొద్దట్నుంచి సూస్తున్న, నీ చెయ్యి జేబుల్నే ఉన్నది."

"ఏం చూస్తావన్నా దాంట్లో. ఎగ్జిట్ వీసా కొట్టేసినారు. ఇంకో గంటలో బండి వస్తాది. అబహా దాకా పోవాల, అప్పుడు విమానం. తిను. మా ఇంటామె అఫ్షాన్ దావలోకి రొట్టెలు గూడా కట్టింది."

"ఏం కట్టింది ఇయ్యాల?"

"నీకు పప్పు, చింతకాయ తొక్కు. వేరే డబ్బాలో."

"నీకు?"

"గుడ్ల పులుసు."

"తిను మరి."

"నాకు దిగదు."

"అయితే బిళ్ల తియ్యి. పదకొండేండ్లు ఈ కొట్ల దుమ్ము తుడిసిన. నా తప్పేందో తెల్వకుంట ఎట్ల పోవాలె? ఊర్ల ఎవలన్న అడుగుతే ఏమని చెప్పాలె? అల్మారాల గుడ్ల డబ్బా పెట్టిన, బిళ్లలు రంగు మారినయ్, ఎల్లగొట్టిండ్రు అని చెప్పాల్నా?"

"నవ్వుతారులే."

"నవ్వనీ. చూపెట్టు."

"ఇదో. లైటు కిందికి రా. లెన్సు కంటికి ఆనించుకో. తలకాయ వంచొద్దు, బిళ్లనే దగ్గరికి తెచ్చుకో."

"ముసల్ది ఎంత బొద్దుగున్నది."

"రాణి గదా. బాగా తినింటాది."

"గీ రాణిది ఏ దేశం అంటివి?"

"యాడిదో యూరప్‌ది. ఈ పక్క యమన్ వాళ్ళు ఒకప్పుడు ఈ బిళ్లతోనే బేరాలు చేసేవాళ్ళు. ఫరాన్సీ అంటారు. ఆడోళ్ళు మెడలో కట్టుకునేవాళ్ళు. నీకు తెలిసిందే గదా ఇదంతా."

"తుడుసుడు తెలుసు. సూసుడు తెల్వదు. దొంగ రంగని రియాద్ ఆయన ఎట్ల పట్టిండు?"

"వెండి దానంతటది పాతబడితే అంచు కాడ మొదలవుతాది. ముందు పచ్చగడ్డి ఎండిన రంగు, తర్వాత ఇటుక రంగు, ఆ మీదట నీలం. ఒకదాంట్లోంచి ఒకటి వస్తాది. యాభై ఏండ్లు గుడ్డలో మూట కట్టి పెట్టెలో పెడితే వచ్చే రంగది. దానికి తొందర ఉండదు."

"తొందర పెడితే?"

"యాడంటే ఆడ మొదలవుతాది. నడిమధ్యలో ఊదా, దాని పక్కనే తెలుపు. వరస ఉండదు."

"ఇండ్ల వరస లేదు."

"లేదు."

"ఇంకేంది?"

"లైటు కింద మెల్లగా తిప్పు. ఇంకా మెల్లగా. మంచి బిళ్ల అయితే రంగు కింద మెరుపు చక్రం మాదిరి తిరుగుతాది. ఇది తిరగదు. సచ్చిన చేప కన్ను మాదిరి అట్లే చూస్తాంటాది."

"ఎందుకు తిరగది?"

"మెరుపు అరిగిపోయింది. ముందు వంటసోడాతో రుద్ది, ఆ మీద రంగు పట్టించినారు గదా."

"పట్టించిండ్రా?"

"పట్టింది. అదే, గుడ్ల వాసనకు పట్టింది."

"గీ సన్న గీతలల్ల సుత రంగున్నది."

"రుద్దినాక వచ్చిన రంగు గాబట్టి గీతల్లోకి దిగింది."

"ఎవలు రుద్దిండ్రు? గట్టి గుడ్డతోని సుత తుడవద్దని నాకు నువ్వే నేర్పితివి. నేనెన్నడు సోడా ముట్టలే."

"మనకు అమ్మినోడు రుద్దింటాడు. ఏమో. పోనీలే అన్నా."

"పోనిస్త. పిల్లలెట్లున్నరు?"

"బాగుండారు."

"ఇంటోళ్ల మీది లెవీ కట్టినవా?"

"కట్టినా. ముగ్గురికీ ఏడాదిది ఒక్కసారే కట్టమన్యారు. కట్టకపోతే ఈడ ఉండేదానికి ఇకామా రెన్యూ కాదు. పెద్దదానికి టెంత్ పరీక్షలు, మార్చిలో."

"గా బిడ్డ మంచిగ సదువుతది."

"నీకు తెలుసు గదన్నా, సౌదీ వాళ్ళను పనిలో పెట్టుకోలేదని నితాకత్ లెక్కలో కొట్టు ఎరుపులో పడింది. ఇద్దర్లో ఒకర్ని పంపాల్సిందేనని ఆయన ఎండాకాలం నుంచీ చెప్తానే ఉండాడు. ఆయనకు ఒక సాకు కావాల్సొచ్చింది, అంతే."

"సాకు దొరికింది."

"దొరికింది."

"రాణి చెంప మీద ఇవేంది, మూడు చుక్కలు?"

"యాడ?"

"నీకు కనవడతలేవా?"

"మచ్చలు. పాత బిళ్లకు మచ్చలుండవా."

"ఒక్క తీరుగ ఉన్నయ్. గుండ్రంగ. ఎన్కకు తిప్పితే ఏం లేదు, తెల్లగున్నది. నా డబ్బా పక్కకు ఉంటే రంగు మారిందంటివి గద? వాసన రెండు దిక్కులా తల్గాలె. ఒక్క దిక్కే, మూడు చిల్లులకెల్లి ఎట్ల తల్గింది?"

"చిల్లులని ఎవరన్యారు?"

"నేనే అన్న. పోయిన ఈద్ పొద్దున మీ ఇంట్ల ఇడ్లీలు తిన్న గద. అఫ్షాన్ వద్దన్న సుత ఆ రేకులు నేనే కడిగిన. ఒక్కొక్క గుంతకు మూడు చిల్లులు."

"అన్నా..."

"కింద పగలగొట్టిన గుడ్లు. మీద ఇడ్లీ రేకుల బోర్లేసిన రాణి. మూత. తెలివే తమ్మీ. కఫీల్‌కు ఇడ్లీ తెల్వది, రియాద్ ఆయనకు తెల్వది. మనోళ్లెవలన్న కొంటే ఎప్పుడో దొర్కుదువు."

"ఆరు బిళ్లలే అన్నా. ఆరే. రంగు బిళ్లకు గిరాకీ ఉంది, నాలుగు ఎక్కువ అమ్మి చూపిస్తే నన్ను ఉంచుతాడనుకున్యా."

"నిన్ను."

"నన్ను. అవును, నన్నే. నీ గురించి అనుకోల్యా. అనుకోకూడదని అనుకోల్యా."

"మరి గుడ్లు నా డబ్బాలకు ఎట్ల అచ్చినయ్?"

"ఆయన అల్మారా తెరిచి అరుస్తాండాడు. ఈ రంగు ఎట్లొచ్చిందని నన్నే చూస్తాండాడు. నాకు తెలిసింది గుడ్లే గదన్నా. నోట్లోంచి గుడ్లు అనే వచ్చింది. అన్యాక, ఎవరివి అన్యాడు. నీ డబ్బా అక్కడుంది."

"ఉన్నది."

"నువ్వేల అవునన్యావ్? ఒక్క మాట కాదని ఉంటే..."

"కాదందామనే నోరు తెరిసిన. నీ దిక్కు సూసిన. నువ్వు కింద బండలు లెక్కపెడుతున్నవ్. నేను కాదంటే నువ్వు బండలకెల్లి తలకాయ ఎత్తాలె. ఎత్తవనిపిచ్చింది."

"పదహైదు దినాలు అన్నా. పదహైదు దినాలుగా నిద్ర లేదు. ఇంట్లో ఇడ్లీ వద్దంటాండా. అఫ్షాన్ ఏమైందని అడుగుతాంది."

"ఏం చెప్పినవ్?"

"కడుపులో బాలేదని."

"అది నిజమే."

"చెప్తా అన్నా. ఆయన మసీదు నుంచి వస్తానే చెప్పేస్తా. ఎగ్జిట్ ఆపించుకోవచ్చు, విమానం ఎక్కేదాకా ఆపొచ్చంట."

"చెప్తవా?"

"చెప్తా. పిల్లల మీద ఒట్టు."

"పిల్లల మీద అద్దు."

"నా మీద ఒట్టు."

"నమాజు అయినట్టున్నది. బజార్ల షట్టర్లు లేస్తున్నయ్."

"ఊ."

"గాయన చెప్పుల సప్పుడే గద అది?"

"ఊ."

"లెవ్వు మరి."

"మార్చి దాకా... పరీక్షలు అయినాక చెప్తే... ఎట్లయినా చెప్తా అన్నా, ఫోన్ చేసి నీకు..."

"సరే తీ. బిళ్ల జేబుల పెట్టుకో. గాయన కండ్ల పడుతది. డబ్బా నేను పట్టుకపోత. అబహా తొవ్వల తింట."

"ఒకటి చెప్పి పో అన్నా. ఇంతకుముందు దాకా గుడ్లు నీవేనని నమ్మినావు గదా? ఇప్పుడు ఈ చుక్కలు చూసినాకనే గదా తెలిసింది?"

"కఫీల్ అల్మారా తెరిసిన దినం సుత ఇయ్యాల లెక్కనే శనివారం తమ్మీ. శనివారం నేను గుడ్డు ముట్టనని నీ భార్య ఆరేండ్ల సంది నాకు పప్పు వేరే కట్టి పంపుతది, గా డబ్బా మోసుకొచ్చేది నువ్వే."