బయట ఉండిపోయినవాడు

వరద వచ్చి మా షాపు గోడమీద గీత గీసి పోయిన తర్వాత ఇది నాలుగో ఏడు. మధ్యాహ్నం. తాళాలు బాగుచేసే మా షాపులో నేనూ, మా అమ్మాయీ.

"ఆ ఓటీపీ ఎవరికిచ్చావు నాన్నా?"

"ఏది?"

"నాతో ఆటలాడకు. పొద్దున నీ ఫోనుకి ఆరంకెలొచ్చాయి. ఎవరికీ చెప్పొద్దని కిందే రాసుంది."

"చూశాను."

"చూసి?"

"చెప్పాను."

"ఎవరికి?"

"అడిగినవాళ్ళకి."

"అయ్యో రాత! కొత్త ఫోను కొనిచ్చి నెల తిరగలేదు. నీ మెసేజీల అకౌంటు ఎవడి చేతిలోనో పడింది. నీ పేరు, నీ ఫొటో పెట్టుకుని కనిపించినవాళ్ళందరికీ మెసేజీలు కొడుతున్నాడు. ఆఫీసులో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తుకొచ్చాను. ముందా ఆకురాయి కింద పెట్టు."

"ఈ తాళంచెవి అయిపోవచ్చింది."

"నాన్నా!"

"పెట్టాను."

"ఇప్పుడు చెప్పు. ఎవరడిగారు?"

"తెలిసినవాళ్ళే."

"తెలిసినవాళ్ళంటే?"

"తెలిసినవాళ్ళంటే తెలిసినవాళ్ళు."

"నీ నోట్లోంచి ఒక మాట లాగాలంటే నీ సంచీలో ఉన్న పనిముట్లే కావాలి. సరే, ఫోనివ్వు. వేలు పెట్టు ఇక్కడ."

"పెట్టాను."

"పట్టుకోవడం లేదు. ఇంకో వేలు. ఇది కూడా కాదు. నీ వేలిముద్రలన్నీ ఆ ఆకురాయే తినేసింది. బొటనవేలు పెట్టు. ఆఁ, తెరుచుకుంది."

"పాత ఫోనుకి ఈ బాధ లేదు."

"పాత ఫోను సంగతెత్తకు. మొన్నేం చేశావు? ఏదో బొమ్మ వచ్చి 'మీ ఫోనులో వైరస్ ఉంది' అంటే, ఫోను తీసుకెళ్ళి మేకుల డబ్బాలో పెట్టి మూత పెట్టావు."

"ఇంకోదానికి అంటుకుంటుందేమోనని."

"నవ్వించకు, నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇదిగో, చూడు. మళ్ళీ మన నంబరు కొట్టి కొత్త ఓటీపీ తెప్పిస్తాను. అది కొట్టగానే వాడు బయటికి పోతాడు."

"మంచిది."

"ఏం మంచిది? ఇదిగో, ఏమంటోందో చూడు. 'చాలాసార్లు ప్రయత్నించారు, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి.' వాడే కావాలని పదేపదే కొట్టి మనకి దారి లేకుండా చేశాడు."

"లోపల్నుంచి గడియ పెట్టాడు."

"ఆఁ, అదే. గడియ పెట్టాడు. ఫోను కొన్న రోజే చెప్పానా లేదా? అకౌంటుకి ఇంకో రహస్య నంబరు పెట్టుకుందాం, ఓటీపీ పోయినా అదొకటి అడ్డుంటుందని? ఏమన్నావు?"

"ఒక తలుపుకి రెండు తాళాలెందుకన్నాను."

"తాళాలు అమ్ముకుని బతికే మనిషి అనాల్సిన మాటేనా అది?"

"అమ్మను. బాగుచేస్తాను."

"నీకో దణ్ణం. అదిగో, బేకరీ అంకుల్ వస్తున్నారు. కాస్త మొహం మామూలుగా పెట్టు."

"తాళాలాయనా! ఏమిటండీ ఈ ఘోరం?"

"రండి అంకుల్. మీకూ వచ్చిందా?"

"రాకేం తల్లీ! 'ప్రియమైన మిత్రమా, మీరూ మీ కుటుంబమూ క్షేమమని తలుస్తాను' అట! ఇన్నేళ్ళుగా ఎదురెదురు షాపులు. మీ నాన్న నాతో ఆడిన మాటలన్నీ మూటగట్టినా అంత పొడుగుండదు. చదవగానే ఈయనకి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను."

"ఓటీపీ అడిగాడా?"

"అడిగాడు. 'నా అంకెలు పొరపాటున మీ ఫోనుకొచ్చాయి, త్వరగా పంపండి' అన్నాడు. అక్కడే దొరికిపోయాడు. మీ నాన్న నోట 'త్వరగా' అనే మాట ఎప్పుడైనా విన్నామా? నా గల్లాపెట్టె తాళానికి ఎన్నిసార్లు తిప్పించాడో నాకు తెలుసు."

"బతికించారు."

"నేను బతికాను, మా పక్క దర్జీ మునిగాడు. ఇచ్చేశాడు. అదేంటయ్యా అంటే, 'మా ఇంటి తాళంచెవే ఆయన చేతిలో పెట్టాను, ఆరంకెలేం పాపం చేశాయి' అన్నాడు. ఇప్పుడు దర్జీ పేరుతో నాకు ఇంకోటి వచ్చింది."

"విన్నావా నాన్నా?"

"విన్నాను."

"కోపం తెచ్చుకోకండేం. వీధిలో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. 'మన ఇళ్ళ డూప్లికేట్ తాళాలన్నీ ఆ చేతుల్లో తయారైనవే, ఆయనే ఇలా బోల్తా పడితే మన గతేంటి' అని. నేను నోళ్ళు మూయించాననుకోండి. వస్తానమ్మా, అక్కడ రొట్టెలు మాడిపోతాయి."

"చూశావా? ఇది ఫోను గోల కాదు నాన్నా. నీ పేరు పోతోంది. పేరు పోయాక నీ దగ్గరికి తాళం ఎవరు తెస్తారు?"

"తేరు."

"తెలుసు కదా! తెలిసీ ఎవరడిగారో చెప్పవు."

"చెబితే ఏం చేస్తావు?"

"వాళ్ళకి ఫోను చేస్తాను. నిన్నడిగింది వాళ్ళు కాదు. ముందు వాళ్ళ అకౌంటు దొంగిలించి, వాళ్ళ పేరుతో నిన్నడిగాడు. వాళ్ళ పేరు చెప్పి ఇంకా ఎంతమందిని ముంచుతున్నాడో ఏమో!"

"వాళ్ళు కానే కాదంటావా?"

"కానే కాదు."

"ఓహో."

"ఓహో ఏమిటి? బెల్లం కొట్టిన రాయిలా ఆ కూర్చోవడం ఏమిటి? ఎక్కడికి లేస్తున్నావు?"

"సుద్దముక్క. ఆ పలక ఇలా ఇవ్వు. బయట పెడతాను."

"ఏం రాస్తావు?"

"'నా ఫోను దొంగ చేతిలో ఉంది. నమ్మకండి.'"

"అంతేనా? ఏం జరిగిందో, ఏం చేయాలో కాస్త వివరంగా రాయి."

"పొడుగ్గా రాస్తే దొంగ రాశాడనుకుంటారు."

"అదీ నిజమే. ఉండు, అమ్మ ఫోను. స్పీకర్లో పెడతాను, నువ్వూ విను. చెప్పమ్మా."

"ఒసేయ్, మీ నాన్న నాకు మెసేజీ పెట్టాడే! 'ఎలా ఉన్నావు, ఆరోగ్యం జాగ్రత్త, నీ గురించే ఆలోచిస్తున్నాను' అని! పక్కింటావిడ చదివి వినిపించింది. ఆవిడ ముందు నాకు సిగ్గేసిందనుకో."

"అమ్మా, ఆగు—"

"నువ్వాగు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇవాళే కదే అడగడం! ఏవో అంకెలు కూడా పంపమన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది, నా కళ్ళజోడేమో కనబడి చావడం లేదు, ఇందాకట్నించీ వెతుకుతూనే—"

"వెతకొద్దు!"

"అదేంటే?"

"కళ్ళజోడు వెతకొద్దు, అంకెలు పంపొద్దు. అది నాన్న కాదు. దొంగ."

"దొంగా?"

"దొంగే."

"అదీ సంగతి. వినగానే నాకూ అనుమానం తగిలింది."

"తగిలితే మరి కళ్ళజోడెందుకు వెతికావు?"

"ఏమోనే. దొంగయితేనేం, అడిగాడు కదా."

"అమ్మా!"

"పెట్టేస్తున్నాను. డబ్బాలో అన్నం అలాగే ఉండి ఉంటుంది, తినమను ఆయన్ని."

"విన్నావా నాన్నా?"

"విన్నాను."

"తలెందుకు దించుకున్నావు?"

"ఆకురాయి కింద పడింది."

"పడలేదు. నీ చేతిలోనే ఉంది. సర్లే, మళ్ళీ కొట్టి చూద్దాం. రా, రా... వచ్చింది! ఓటీపీ వచ్చింది! కొట్టాను. ఆఁ! పోయాడు. వెధవ బయటికి పోయాడు!"

"మనం లోపలికొచ్చామా?"

"లేదు. ఛీ! మనం పెట్టుకోని ఆ రహస్య నంబరు వాడు పెట్టి పోయాడు. అది తెలియకపోతే వారం ఆగాలట."

"లోపల వాడు లేడు కదా?"

"లేడు."

"నా పేరుతో ఇంకెవరికీ రాయడు."

"రాయలేడు."

"చాలు."

"నీకు చాలు. దర్జీ సంగతి?"

"వెళ్ళి చెప్తాను."

"నువ్వా? నోటితో?"

"నోటితోనే."

"అది చూడ్డానికి టికెట్టు పెట్టొచ్చు. ఉండు, ఎవరో కొత్త నంబర్నించి చేస్తున్నారు. ఇవాళ ఏ ఫోను ఎత్తాలన్నా భయమేస్తోంది. హలో? ఎవరండీ?"

"నేనేనమ్మా, పిన్నిని."

"పిన్నీ! ఎన్నాళ్ళయింది నీ గొంతు విని!"

"మీ నాన్న పక్కనున్నాడా?"

"ఉన్నాడు. స్పీకర్లో ఉన్నావు, వింటున్నాడు."

"వింటే విననీ. మీ బాబాయి అకౌంటు పొద్దున్నే పోయింది. ఆయన పేరుతో ఏమొచ్చినా నమ్మొద్దని అందరికీ చెప్పుకుంటున్నాను. మీకు చెయ్యనా మాననా అని ఇంతసేపూ ఆలోచించాను."

"బాబాయిది పోయిందా? నంబరు తాళాలు, కెమెరాలు అమ్మే బాబాయిది?"

"ఆ సిగ్గుతోనే షాపు తలుపేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళకి మొహం చూపించడం లేదు. ఇంకోటుంది, చెప్పాలో వద్దో. ఇందాక మీ నాన్న పేరుతో నాకొచ్చింది. 'అందరూ ఎలా ఉన్నారు, మీరు గుర్తొస్తున్నారు' అని. మీ బాబాయి నా చేతిలోంచి ఫోను లాక్కుని రెండుసార్లు చదివాడు."

"తర్వాత?"

"తర్వాత కింద అంకెలడగడం చూశాడు. ఫోను నా ఒళ్ళో పడేసి 'పెద్దోడు కాదులే' అన్నాడు. అంతే, ఇక మాట లేదు, పలుకు లేదు. ఈ అన్నదమ్ములిద్దరికీ దేవుడు నోళ్ళెందుకిచ్చాడో! ఉంటానమ్మా."

"నాన్నా."

"ఊఁ."

"పొద్దున నిన్నడిగింది బాబాయి పేరుతోనే కదూ?"

"వాడి పేరే."

"ఇందాకే చెప్పొచ్చు కదా! నేనేమైనా పరాయిదాన్నా? వరదప్పుడు తాళంచెవులు కోసే మిషన్లోకి బురద దూరితే, దాన్ని తుక్కుకి వేసి నంబరు తాళాలు పెడదామన్నాడు బాబాయి. నువ్వు ఉలుకూ పలుకూ లేకుండా బురద కడుగుతూ కూర్చున్నావు. ఆయన వంతెన అవతలికి పోయి వేరే షాపు పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ ఒక పలకరింపా, పాడా? అలాంటి మనిషి పేరుతో ఉన్నట్టుండి మెసేజీ వస్తే, ఒక్క క్షణం ఆలోచించాలా వద్దా?"

"ఆలోచించాను."

"ఏం రాసుంది అందులో?"

"'అన్నయ్యా, లోపలికి రాలేక బయట ఉండిపోయాను. నీకొచ్చిన అంకెలు చెప్పు.'"

"బయట ఉండిపోయానన్నాడా! ఇంకేం, నీ ఆయువుపట్టు మీదే కొట్టాడు. ఎవరైనా ఆ మాటంటే తింటున్న అన్నం ముందు నుంచి లేచి పోతావు. తలుపు తీసేదాకా ఒక్క ప్రశ్న అడగవు."

"లోపల పొయ్యి మీద పాలుంటాయి. పసిపిల్లలుంటారు. అప్పుడు ప్రశ్నలేంటి?"

"ఇది తలుపు కాదు నాన్నా, ఫోను! అయినా 'అన్నయ్యా' అనేమిటి? బాబాయి నిన్ను ఎప్పుడైనా అన్నయ్యా అన్నాడా? పుట్టి బుద్ధెరిగి 'పెద్దోడా' అనే కదా!"

"పెద్దోడా అనే."

"మరి ఆ మాట చూడగానే తెలియలేదా?"

"తెలిసింది."

"ఏం తెలిసింది?"

"వాడు కాదేమోనని."

"తెలిసే ఇచ్చావా? పేరు పోగొట్టుకుని, దర్జీని ముంచి, అమ్మ చేత కళ్ళజోడు వెతికించి... అసలెందుకిచ్చావు నాన్నా, ఎందుకు?"

"వాడే అయి ఉంటే?"

"అయి ఉంటే?"

"ఇన్నాళ్ళకి వాడొచ్చి తలుపు కొడితే, వాడా కాదా అని నేను లోపల కూర్చుని ఆలోచిస్తుంటే, వాడు తిరిగి వెళ్ళిపోతే?"

"నాన్నా..."

"వాడి ఫోను వాడికి ఇంకా తెరుచుకోలేదా?"

"పిన్ని మాటల్ని బట్టి లేదనే."

"అయితే ఆ దొంగ ఒక్క మాట నిజమే రాశాడు."

"ఏ మాట?"

"బయట ఉండిపోయాడని."

మర్నాడు పొద్దున దర్జీ దగ్గరికి వెళ్ళి చెప్పవలసింది చెప్పాను. మా షాపు తీయలేదు. సంచీ భుజాన వేసుకుని వంతెన దాటాను. మా వాడి షాపు తలుపుకి అంకెల తాళం, పైన కెమెరా, పక్కన బెల్లు. బెల్లు కొట్టలేదు. తలుపు తట్టాను.

"ఎవరు?"

"నేను."

"నేనంటే?"

"నేనేరా చిన్నోడా. ఇవాళ నిజంగా నేనే."