ఇరవయ్యోవాడు

ఆ రెండో వాక్యం కొట్టెయ్యమ్మా కోరిన్. మొదటిది ఉండనీ. "జరిగినదానికి చింతిస్తున్నాను" అన్నావు, సరే, కొంత చింత ఉంది, కాదనను. ఆ తర్వాత "మళ్ళీ అలాంటి సందర్భం వస్తే ఆ పని చెయ్యను" అని టైపు కొట్టావు చూడు, అది అబద్ధం. కింద ప్రమాణం చేసి సంతకం పెట్టమంటున్నావాయె. మళ్ళీ వస్తే మళ్ళీ చేస్తాను. ఇంకాస్త పెందలాడే బయల్దేరతాను కూడా.

నవ్వకు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషిని. న్యూ షారోను బాప్టిస్టు సంఘంలో ముప్పై ఆరేళ్ళుగా డీకన్ని, అంటే సంఘపెద్దని. డీకన్ ఓజెల్ ప్రూయిట్ వస్తున్నాడంటే ఈ కౌంటీలో కుర్రాళ్ళు సిగరెట్లు దాచేస్తారు. అలాంటివాణ్ణి పట్టుకుని సైన్యం వాళ్ళ ముందు బొంకమంటావా?

తలుపు వెయ్యకమ్మా, తెరిచే ఉండనీ. బయట బెంచీ మీద కూర్చున్న ఆ ఇద్దరు పెద్దమనుషులకి కూడా కాస్త కాలక్షేపం. నాకు వినేవాళ్ళుంటేనే నోరు తిరుగుతుంది.

తెలుసమ్మా, తెలుసు. సైన్యం బోర్డు వాళ్ళకి పశ్చాత్తాపం కనబడాలి. లేకపోతే యాభై ఏళ్ళనాటి డిశ్చార్జి కాగితాన్ని వాళ్ళెందుకు మారుస్తారు? నువ్వు పన్నెండేళ్ళు నౌకాదళంలో చేసొచ్చావు, మాలాంటి పాత సిపాయిల అర్జీలు రాయడమే నీ ఉద్యోగం. నీకు తెలిసినంత నాకేం తెలుస్తుంది? కానీ సంగతి వినకుండా పశ్చాత్తాపం ముందే టైపు చేసేస్తే ఎలా?

డెబ్భై నాలుగు, ఆగస్టు నెల. నాకు ఇరవై. సైన్యంలో నీళ్ళ ట్యాంకరు నడిపేవాణ్ణి. పది రోజుల సెలవు మీద ఇంటికొచ్చాను. వచ్చి చూస్తే అలబామా అంతా పెనం మీద ఉంది. డెబ్భై రోజులుగా చుక్క లేదు. మా సంఘం తరతరాలుగా బాప్తిస్మాలిచ్చే వాగు ఎండిపోయి, తాబేళ్ళు రోడ్డెక్కి ఎటుపోవాలో తోచక నిలబడ్డాయి. చర్చి వెనక సిమెంటు తొట్టి ఒకటి కట్టుకున్నారు. అందులో చీపురుపుల్ల తడవడానికి కూడా నీళ్ళు లేవు.

బాప్తిస్మానికి పేర్లిచ్చినవాళ్ళు ఇరవై మంది. అందులో మా నాయనమ్మ లుటీషా ఒకతె. ఎనభై ఒక్కేళ్ళు. బతుకంతా చర్చి మెట్ల దాకా వచ్చి, దవడన ముక్కుపొడి పెట్టుకుని, లోపలి పాటలు బయట కూర్చుని విన్న మనిషి. ఆరుగురు పాస్టర్లు బతిమాలి బతిమాలి చచ్చిపోయారు. "దేవుడికీ నాకూ మధ్య నీళ్ళెందుకు" అనేది. అలాంటిది గుండె నీరసించాక, "సరే, ముంచండి" అంది. ఆవిడ సరే అన్న ఏడాదే వాగు ఎండింది. మన ప్రభువుకి వేళాకోళం ఎక్కువమ్మా.

"కాస్త చిలకరిస్తే సరిపోదా నాయనమ్మా?" అన్నాను.

"ఎనభై ఏళ్ళ పాపం చెంబెడు నీళ్ళకి పోతుందిట్రా?" అంది.

మరి నన్నేం చెయ్యమంటావు? డాక్టరు నెల రోజులన్నాడు. ఆవిడ మనసు మార్చుకోవడానికి ఒక్క పూట చాలు. కౌంటీ మంటలార్పేవాళ్ళ షెడ్డులో ట్యాంకరుంది, నిండా నీళ్ళతో. తాళంచెవి బండికే వేలాడుతోంది. ప్రభుత్వం నాకు నేర్పిన విద్య కూడా అదొక్కటే.

అడక్కపోవడమేంటి, శనివారం వెళ్ళి అడిగాను. అక్కడి పెద్దాయన పళ్ళు కుట్టుకుంటూ, "మీవాళ్ళని వాన కోసం ప్రార్థన చేసుకోమను" అన్నాడు. చేశాం. మోకాళ్ళ మీద గంటసేపు చేశాం. కళ్ళు మూసుకుంటే నాకు ఆ ట్యాంకరే కనబడింది. అదే జవాబనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. ఇది రాయకు.

ఆదివారం పొద్దున్నే తోలుకొచ్చాను. దాని గొట్టం కారుతోందని చూసుకోలేదు. షెడ్డు నుంచి చర్చి దాకా ఎర్రమట్టి రోడ్డు మీద నాలుగు మైళ్ళు తడిగీత. తొట్టిలోకి వదులుతుంటే గొట్టం మూతి ఊడి నామీదకే ఎగజిమ్మింది. తలనుంచి బూట్ల దాకా తడిసి ముద్దయ్యాను. ఆడవాళ్ళు స్తోత్రం స్తోత్రం అని ఒకటే కేకలు.

సరిగ్గా అదేవేళకి మా కౌంటీ జడ్జిగారి బావమరిది గడ్డికొట్టం అంటుకుంది. ఖర్మ అంటే అదీ. లోపల మనుషుల్లేరు, పశువుల్లేరు. ఒక్క కోడిపుంజు ఉంది, అది అందరికంటే ముందే బయటపడింది. మంటలార్పేవాళ్ళు పరుగున వచ్చి షెడ్డు తలుపు తీస్తే బండి లేదు, తడిగీత ఉంది.

డిప్యూటీ షెరీఫు ఆ గీత పట్టుకుని వచ్చేసరికి మా నాయనమ్మ నీళ్ళలో ఉంది. టోపీ తీసేసి నిలబడ్డాడు. ఆయన మెథడిస్టు. నలుగుర్ని ముంచేదాకా ఊరుకుని, ఇక ఉండబట్టలేక నా చెవిలో, "మాకైతే గ్లాసుడు నీళ్ళు చాలు, మీకు ట్యాంకరెందుకయ్యా?" అన్నాడు. మంచివాడే పాపం. ఆమెన్ అనేదాకా బేడీలు వెయ్యలేదు.

ఆరు నెలలు జైలు. రోడ్ల పక్కన గడ్డి కోశాను. సైన్యం వాళ్ళ ఉత్తరం జైలుకే వచ్చింది. బయటి కోర్టులో శిక్ష పడింది కనుక నిన్ను తీసేశాం, నీ డిశ్చార్జి రకం "అవాంఛనీయం". ఆ మాట నాకు అర్థం కాక జైలరునడిగాను. "అక్కర్లేనివాడు అని" అన్నాడు.

నన్ను లోపల వేసిన తొమ్మిదోరోజే నాయనమ్మ పోయింది. నవ్వుమొహంతో పోయిందట. ఇప్పుడు చెప్పు. "మళ్ళీ చెయ్యను" అని ఏ చేత్తో సంతకం పెట్టను?

సరే, కొట్టేశావు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. గడ్డికొట్టం గురించి మాత్రం ఎంత చింత కావాలంటే అంత రాసుకో.

ఇన్నేళ్ళూ ఊరుకుని ఇప్పుడెందుకంటావా? నవంబరు కోసమమ్మా. నవంబర్లో మా చర్చిలో ఒక ఆదివారం సైన్యంలో చేసినవాళ్ళందర్నీ లేచి నిలబడమంటారు. పియానో వాయిస్తారు. జనం చప్పట్లు కొడతారు. కొరియా వెళ్ళొచ్చిన బ్రదర్ క్లీటస్‌కి తొంభై మూడు, ఇద్దరు పట్టుకుంటే లేస్తాడు. నేనెక్కడుంటానో తెలుసా? చర్చి వంటింట్లో. చేపలు వేయిస్తుంటాను. నలభై ఏళ్ళకి పైగా ఆ ఆదివారం వంట నాదే. నిలబడితే అబద్ధం, కూర్చుంటే ఎందుకని అడుగుతారు, అందుకని చేపలు. "మన డీకన్‌కి ఎంత తగ్గింపు మనసో" అంటారు జనం. ఆ పియానో మొదలవగానే నేను మూకుడులో ఇంకో నాలుగు ముక్కలు వేస్తాను. ఆ సుయ్యిమనే చప్పుడులో పాట వినబడదు.

పోయినేడు మా కొత్త పాస్టరుగారు, లమార్ టిస్‌డేల్, ముప్పై నాలుగేళ్ళవాడు, వంటింట్లోకే వచ్చేశాడు. "డీకన్‌గారూ, అందరూ లేచారు, మీరేరీ?" అన్నాడు. చేతిలో పట్టకారు ఉండగా పాస్టరుకి అబద్ధమెలా చెప్తాను? కాగితం సంగతి చెప్పేశాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఈ అర్జీ ఆయన పూనికే.

అర్జీకి జతచేసే ఆ ఉత్తరాలు కూడా ఆయనే పోగుచేయించాడు. ఆ రోజు మునిగినవాళ్ళలో ఇంకా ఆరుగురు బతికున్నారు. ఏం, వాటికేమైంది? సిస్టర్ వెర్బీనా బాగానే రాసిందే. "నీళ్ళు చల్లగా, తేటగా ఉన్నాయి. బ్రదర్ ఓజెల్ ట్యాంకరుని ఎంతో జాగ్రత్తగా నడిపెను." బ్రదర్ ఓడిస్ అయితే షెడ్డు తలుపు గడియ ముందురాత్రే తనే తీసిపెట్టానని రాశాడు. ఇన్నాళ్ళూ నాకూ చెప్పలేదు.

అవునా? నా నడవడి గురించి రాయమంటే, దొంగసొత్తు ఎంత బాగుందో ఆరుగురూ సాక్ష్యం చెప్పారంటావు. మా సంఘం అంతేనమ్మా. సాక్ష్యమంటే ఆగరు.

ఇక ఒకటే ఉందా? పాస్టరుగారిదా? మూడు పేజీలు రాశారు, మంచి భాష. చదవక్కర్లేదులే, జతచెయ్యి. జతచేసినవన్నీ నిజమని నేనే ఒప్పుకుంటూ సంతకం పెట్టాలా? చదవనిదే పెట్టనివ్వవా? సరే, నువ్వే పైకి చదువు. నా కళ్ళజోడు...

ఆగు. ఆ చివరి మాట మళ్ళీ చదువు.

"...ఆ ఉదయం అదే నీళ్ళలో మునిగి లేచిన ఇరవై మందిలో ఇరవయ్యోవాడు."

కోరిన్, ఆ తలుపు కాస్త వెయ్యమ్మా.

నేను మునగలేదు.

అట్లా చూడకు. నాది ఆఖరి పేరు. పంతొమ్మిదో మనిషి లేచింది, నేను చొక్కా గుండీ విప్పుతున్నాను. అప్పటి పాస్టరుగారు డిప్యూటీ చేతిలో బేడీలు చూసి బెదిరి పంతొమ్మిదికే ఆమెన్ అనేశారు. నేను ముందే తడిసి ముద్దగా ఉన్నానా, చూసినవాళ్ళంతా నేనూ మునిగాననుకున్నారు. పాస్టరుగారికి తెలుసు. ఆయన, నేను తిరిగొచ్చేలోపే పోయారు.

జైలు నుంచి రాగానే భుజాలెక్కించుకున్నారమ్మా నన్ను. నీళ్ళకోసం సైన్యాన్నే పోగొట్టుకున్నవాడన్నారు. ఆ మనుషుల ముందు నిలబడి, ఆ నీళ్ళు నాకు దక్కలేదని ఎలా చెప్పను? వచ్చే ఆదివారం చెప్దామనుకున్నాను. ఆదివారం ఆదివారానికీ బరువెక్కింది. తర్వాత, మునగనివాడికి ఇవ్వకూడని పదవి, డీకన్ని చేశారు. ఎవరూ అడగలేదు. అడిగేదేముంది, నా బాప్తిస్మం కోర్టు రికార్డులోనే ఉందనుకున్నారు.

ఎంతమందికి వీపు పట్టి నీళ్ళలో ముంచానో లెక్కలేదు. రొమ్ము దాకా వచ్చే రబ్బరు బూట్లేసుకుని. చుక్క తగలకుండా.

పశ్చాత్తాపం కావాలన్నావుగా? ఇదీ. ఇక్కడుంది, కావలసినంత. సైన్యం వాళ్ళకిది పనికిరాదు, వాళ్ళు అడిగింది ట్యాంకరు గురించి.

ఆ లైను కొట్టెయ్యి. కొట్టేసిన చోట రాసినాయన కూడా పొడి సంతకం పెట్టాలా? తప్పదా? ఆ పేజీ తీసేస్తే? సగం ఉత్తరం పంపితే బాగోదు. అవును, బాగోదు.

ఈ నవంబరుకి నిలబడనిస్తారో, వంటింట్లోంచి కూడా వెళ్ళగొడతారో. సైన్యం అక్కర్లేదంది, ఇక సంఘం ఏమంటుందో చూడాలి.

ఫోను చెయ్యకు. పాస్టరుగారు కిందే ఉన్నారు, కారులో. నన్ను తీసుకొచ్చింది ఆయనే, వెనక సీట్లో కేకు కూడా పెట్టుకొచ్చాడు. నేనే వెళ్ళి చెప్తాను. ఆ కాగితం, పెన్నూ ఇలా ఇవ్వు.

లిఫ్టు ఎందుకమ్మా, మోకాళ్ళు నొప్పెడితే పెట్టనీ. మెట్లమీద పోతాను. నాలుగంతస్తులు కదా, కాస్త ఆలస్యమవుతుంది.