శనిగ్రహం కాడ బొట్టు పిలుపు

"అమ్మమ్మా, హైమ పిన్ని ఓడ కాడ యుద్ధం ఆగింది నీ మాట మీదేనంట గదా. ఎట్టానో చెప్పవా?"

నా మాటేందే, నేను కొట్లో కూర్చుని కందిపప్పు తూచుకునేదాన్ని. ఆ ఫోను మూతికి ఆనించబాకు, బల్ల మీద పెట్టు. ఆఁ, చెబుతా.

మా హైమకి యుద్ధం ఓడ మీద కెప్టెన్ ఉద్యోగం వచ్చిందంటే క్రోసూరంతా సంబరపడింది గానీ, పోస్టింగ్ ఎక్కడో వినంగానే నేను నెత్తిన చెయ్యి పెట్టుకున్నా. శనిగ్రహం. లోకమంతా శనిని వదిలించుకోటానికి నువ్వుల నూనె పట్టుకుని తిరుగుతుంటే, ఇది సొంత డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని... కాదులే, టిక్కెట్టు గవర్నమెంటోళ్ళదే... ఎదురెళ్తంది. ఇంకో గ్రహమేదీ దొరకలేదా అని వాళ్ళ పెద్దాఫీసర్ని అడిగా. గురుడి కాడ ఖాళీల్లేవమ్మా అన్నాడు. ఏం చేస్తాం. సంచిలో మేజోళ్ళ కింద కుంకుమ భరిణె పెట్టి పంపించా.

అక్కడికి మాట చేరాలంటే గంట పైనే పడుద్ది. టిఫిన్ తిన్నావా అని నేనడిగితే, తిన్నానమ్మా అని అది చెప్పేది నాకు అన్నం టయానికి వచ్చేది. అప్పుడు అన్నం సంగతి అడుగుదామంటే అక్కడ రాత్రో పగలో తెలవదు. అట్టా పెంచానమ్మా దాన్ని, ఒక పూట వెనకబడే.

ఒకరోజు దాని మాట వచ్చింది. "అమ్మా, ఊరికే చేశా. నువ్వు తిన్నావా?"

అంతే. చూడు, ఇరవయ్యారేళ్ళల్లో అది నన్ను తిన్నావా అని అడగలేదు. అడగటం నా పని. చేతిలో తక్కెడ అట్టాగే ఉండిపోయింది. ఏందే, ఏమైందో నిజం చెప్పు అని పంపా.

చెప్పింది. అక్కడ పక్కనే ఒక చిన్న చందమామ మీద వేరే వాళ్ళుంటారంట. మనుషులు కాదు. సొరకాయకి కాళ్ళు పెట్టినట్టుంటారు, ఫొటో చూశా నేను. మంచోళ్ళే, మనోళ్ళకి మంచినీళ్ళకి ఐసు ఇచ్చేవాళ్ళు. మనోళ్ళు కొత్తగా అక్కడ ఒక స్టేషన్ కట్టుకున్నారు. స్టేషనంటే రైలుది కాదే, గాల్లో ఇల్లు. కట్టినప్పట్నించీ ఆ సొరకాయలోళ్ళు మాట్లాడటం మానేశారు. ఐసు ఆపారు. ఆనక ఓడలన్నీ తెచ్చి ఎదురుగా వరసగా నిలబెట్టారు. పెద్దాఫీసరు ఇక్కణ్ణుంచి ఆర్డరేశాడు, వాళ్ళ ఓడల్లో ఒక్కటి కదిలినా కాల్చెయ్యమని. అందరికన్నా ముందున్నది మా హైమ ఓడ. మొదటి దెబ్బ దానిదే, మొదట తగిలేదీ దానికే.

నేను దేవుడి గదిలోకి పోయి కూర్చున్నా. దణ్ణం పెట్టుకుందామంటే బుర్ర అటు పోటల్లా, ఎందుకలిగారు వీళ్ళు, ఎందుకలిగారు అని అక్కడే తిరుగుతంది. లేచొచ్చి అడిగా. ఏమే, ఆ గాల్లో ఇంటికి ప్రవేశం చేశారా? చేశారంట. వాళ్ళని పిలిచారా? పిలిచామంది. ఎట్టా పిలిచారే? వైర్‌లెస్‌లో మెసేజ్ పెట్టారంట, అందరికీ కలిపి ఒకటే.

ఇంకేముంది.

నీకు ముప్పాళ్ళ అత్తయ్య తెలవదు, మీ తాతయ్యకి అక్క, హైమకి మేనత్త. మా ఇంటి ప్రవేశానికి ఆమెకి శుభలేఖ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపారు మీ తాతయ్య. అప్పుడు ముప్పాళ్ళకి టిక్కెట్టు రూపాయి కూడా లేదు, అయినా ఆయనకి కొట్టు వదిలి పోబుద్ధి కాలా. ఆమె మా గడప తొక్కలేదు. మా మరిది పెళ్ళికీ రాలా. చివరికి నేనే వానలో పోయి బొట్టు పెట్టి పిలిస్తే వచ్చింది. వచ్చి, తిని, పప్పులో ఉప్పు లేదని పోయింది. అదీ చుట్టరికం.

ఇదంతా హైమకి చెప్పి, బొట్టు పెట్టి పిలువు, ఒక్కదానివి పోబాకు, తోడు తీసుకుని పో అని పంపా.

"అమ్మా, వాళ్ళు ముప్పాళ్ళ అత్తయ్య కాదు" అని వచ్చింది జవాబు. ఆ తర్వాత ఏమీ రాలా.

ఇక మిగతాదంతా ఆనక మేరీ చెప్పింది నాకు. మేరీ అంటే ఆ ఓడలో ఫిరంగి చూసుకునే పిల్ల, సత్తెనపల్లిలో టీచర్ల ఇంటి పిల్ల. హైమ పోయి తోడు రమ్మంటే, మాలో బొట్టు లేదు గానీ పిలుపులు లేవా ఏంది, పద అక్కా అందంట. కెప్టెనూ ఫిరంగి మనిషీ ఇద్దరూ చిన్న పడవేసుకుని పిలుపుకి పోయారు. తమలపాకులేవీ, అరటిపళ్ళేవీ? పళ్ళపేస్టు ట్యూబుల్లాంటి వాటిల్లో అన్నం, కూరా, మజ్జిగా ఉంటయ్యంట వాళ్ళకి, అవి రెండు పళ్ళెంలో పెట్టుకున్నారు.

తలుపు తీసింది వాళ్ళల్లో పెద్దావిడ. హైమ భరిణె మూత తీసింది. తీరా చూస్తే ఆమెకి నుదురు లేదు. సొరకాయకి నుదురెక్కడుంటదే? నన్నడుగుదామంటే గంట. ఇది చెయ్యి అట్టా గాల్లో పట్టుకుని నిలబడింది. చివరికి పైన తొడిమ కాడ పెట్టి, మా కొత్తింట్లో భోజనాలు, ఇంటిల్లిపాదీ రావాలని చెప్పింది.

ఆ పెద్దావిడ మాట మిషన్లోంచి తెలుగులో వచ్చిందంట. "పిలవటానికి ఇప్పటికి తీరిందా?"

అచ్చం ఆ ముప్పాళ్ళ అత్తయ్యే.

ఇంతవరకూ బాగానే ఉంది. మనం ఇంటిల్లిపాదీ అంటాం గానీ ఎవరొస్తారే, ఇంటికొకరొస్తారు. వాళ్ళకేం తెలుసు? వీళ్ళు తిరిగొచ్చి ఓడెక్కారో లేదో, వాళ్ళ ఓడలు ఒక్కటి కాదు, అన్నీ కదిలినయ్. పిల్లలూ ముసలోళ్ళూ అందరూ ఎక్కారంట. మనోళ్ళకేమో ఆర్డరు, కదిలితే కాల్చమని. ఓడలో గంటలు మోగుతున్నయ్, మేరీ ఫిరంగి మీద చెయ్యేసి మా హైమ మొహంలోకి చూస్తంది. అవి వచ్చేది తినటానికో చంపటానికో ఎవరికి తెలుసు? అది పొరపాటు పడితే దాని వెనకున్న వాళ్ళందరూ పోతారు.

హైమ అన్నదంట, "కాల్చబాకు. భోజనాలకొస్తున్నారు. కంచాలు పెట్టించు."

నాకిక్కడ ఇవేం తెలవదు గదా. కొట్లో కూర్చున్నా. ఎవరో అరకేజీ కందిపప్పు అడిగితే పెసలు పోశానంట. చీకటి పడే టయానికి, ఆయన పప్పు మార్చుకోటానికి తిరిగొచ్చినప్పుడు, ఫోను మోగింది. తియ్యటానికి చెయ్యి రాలా, ఆ పప్పుకొచ్చినాయనే నొక్కి నా చెవి కాడ పెట్టాడు.

"అమ్మా, వంకాయ కూర చాల్లేదు. ఇంకా సగం బంతి ఉంది. ఏం చెయ్యను?"

కూర చాల్లేదంట. ఆ మాట వినంగానే ఏడుపు ఆగలా నాకు. పప్పాయన పాపం ఏదో చెడు కబురనుకున్నాడు.

కళ్ళు తుడుచుకుని చెప్పా, మజ్జిగ పలచన చేసి ఇంత కొత్తిమీర వెయ్, ముసలోళ్ళకి ముందు వడ్డించు, నవ్వు మొహం పెట్టు అని. నా మాట పోయేలోగా వాళ్ళు చేతులు కడుక్కుని ఇళ్ళకి పోయి కూడా ఉంటారు. అయినా చెప్పా. చెప్పకుండా ఎట్టా ఉంటామే?

సరే, పొద్దుపోయింది, ఆపు ఇక ఆ ఫోను. నువ్వు చల్లగా ఉండు తల్లీ. రేపు నువ్వెక్కడ కాపరం పెట్టినా, నీ ఇంట్లో ఒక గరిటె కూర తక్కువ పడేంతమంది రావాలి...