ఎడం చెయ్యి కింద, కుడి చెయ్యి పైన

ఏంటమ్మడూ, బంతిని గుంటలోకి దొర్లించే ఆ పొట్టి కర్ర ఎలా పట్టుకోవాలో నన్ను అడుగుతావా? ఇరవై మందిని అడిగి ఇరవై రకాలుగా పట్టుకున్నానంటున్నావు చూడు, అచ్చం మీ తాతయ్యవే నువ్వు. నువ్వు ఆయన్ని చూళ్ళేదులే, నువ్వు పుట్టేనాటికే పోయాడు. ఆయన నాకు బావ, మా అక్క మొగుడు. ప్రెస్సులో కాగితం కోసే మిషను మీద పని. ఊరి చివర తొమ్మిది గుంటల గోల్ఫు మైదానం ఒకటుండేది, టికెట్టు కొనుక్కుంటే ఎవరైనా ఆడుకోవచ్చు. ఆదివారం వచ్చిందంటే మేమిద్దరం అక్కడే. దూరం కొట్టడంలో మీ తాతయ్య అంతంతమాత్రమే, బంతి చెట్లలోకి పోయేది, వెతకలేక నా ప్రాణం పోయేది. కానీ గుంట దగ్గరికి వచ్చాడా, ఇంక చూడాలి. పదడుగుల నుంచి కూడా చేత్తో వేసినట్టు వేసేసేవాడు. పదకొండేళ్ళు జోడీగా ఆడాం, జోడీల కప్పు మూడుసార్లు మాకే వచ్చింది. ఏదీ, ఆ దిండు ఇలా ఇవ్వు, నడుం పట్టేస్తోంది. ఆఁ.

తర్వాత ఒకరోజు మిషను కత్తి ఆయన కుడి చేతి మీద పడింది. చూపుడు వేలు మొదటి కణుపు దాకా పోయింది. బొటనవేలు అతికించారు గానీ వంగడం మానేసింది. పనికి రెండు నెలల్లో వెళ్ళిపోయాడు, కట్టలు కట్టే చోట వేశారు, దానికేం బాధపడలేదు. బాధంతా ఆ కర్ర గురించే. రెండడుగుల దూరం కూడా తప్పేది. ఆ వేళ్ళతో కర్రని ఎలా పట్టుకోవాలో తెలిసేది కాదు. ఇంక సలహాలు చూడు! అక్కడ ఆడేవాళ్ళలో ఒక టైలరు వచ్చి గుప్పిట బిగించమన్నాడు. స్కూలు డ్రిల్లు మాస్టారు వదులుగా వదిలెయ్యమన్నాడు. పళ్ళ డాక్టరు ఉండేవాడు, ఆయన ముక్కుతో మాట్లాడేవాడు, "రెండు బొటనవేళ్ళూ కర్ర మీద తిన్నగా ఉండాలండీ, అదే రహస్యం" అన్నాడు. మీ తాతయ్య చెయ్యి చాపి చూపించి, "ఇది ఎప్పుడూ తిన్నగానే ఉంటోంది డాక్టరు గారూ, మరి బంతికెందుకో తెలియట్లేదు" అన్నాడు. మేం నవ్వాం గానీ, మీ తాతయ్య నవ్వలేదు.

వారానికో పట్టు. వేళ్ళకి ఆనుతుందని కర్రకి సైకిలు ట్యూబు చుట్టాడు. వరండాలో స్టీలు గ్లాసు పడుకోబెట్టి రోజూ దాంట్లోకి కొట్టడమే, టక్కు టక్కుమని. మీ అమ్మమ్మ వంటింట్లోంచి, "ఇంట్లో సొట్ట లేని గ్లాసు ఒక్కటి మిగల్లేదు, చుట్టాలొస్తే దోసిట్లో పొయ్యాలి మంచినీళ్ళు" అని అరిచేది. పైకి అలా అరిచేది గానీ, నా దగ్గరికొచ్చి, "ఒరే తమ్ముడూ, ఆయన అన్నం సరిగ్గా తినట్లేదురా, నువ్వు కాస్త దగ్గరుండి ఆడించు" అంది. సరే అక్కా అన్నాను.

అన్నాను కదా. మరి ఏం చేశానో తెలుసా? కప్పుకి పేర్లు రాసుకునే రోజులొచ్చాయి. నేను పళ్ళ డాక్టరుతో జోడీ రాసేసుకున్నాను. మీ తాతయ్యకి చెప్పలేదు. గెలవాలనుంది నాకు, అంతే. ఆయన మైదానం దగ్గర పేర్లు రాసే బోర్డు మీదే చూశాడు. చాలాసేపు చూశాడు. నావైపు తిరిగి, "మంచి జోడీరా, డాక్టరు దూరం కొడతాడు" అన్నాడు. తిట్టినా బావుండేది. ఏంటలా చూస్తావు? చెప్తున్నానుగా, చేశాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కర్ర అటక మీద పారేశాడట. మీ అమ్మమ్మ స్టూలెక్కి దించింది. ఆవిడ జన్మలో గోల్ఫు ఆడలేదు. "కళ్ళు మూసుకోండి" అందట. ఎందుకే అంటే, "మూసుకోండి ముందు. టైలరూ వద్దు, డాక్టరూ వద్దు. మీ చేతులు ఎలా వెళ్తే అలా పట్టుకోండి" అంది. పట్టుకున్నాడు. ఎడం చెయ్యి కిందికి వెళ్ళింది, కుడి చెయ్యి పైకి వెళ్ళింది. అందరూ పట్టుకునేదానికి తలకిందులన్నమాట. దెబ్బతిన్న వేళ్ళు ఊరికే ఆనుకున్నాయి, నొక్కే పని లేదు. "హాయిగా ఉందా?" "ఉంది గానీ, ఇలా ఎవరూ పట్టుకోరే." "ఎవరి సంగతీ నేనడగలేదు." మీ అమ్మది గోళ్ళరంగు సీసా ఉంటే మీ అమ్మమ్మ అది తెచ్చి, ఆ నల్ల ట్యూబు మీద ఒక్కో వేలు పక్కన ఎర్రగా గీత పెట్టింది. వదిలేసి మళ్ళీ పట్టుకోమంది. మళ్ళీ. మళ్ళీ. పదిసార్లలో ఎనిమిదిసార్లు వేళ్ళు ఆ గీతల దగ్గరికే వచ్చాయి. "ఇదే మీ పట్టు. ఇంక మార్చారో, నేనూరుకోను" అంది. మీ అమ్మ మాత్రం రంగు సీసా సగమైపోయిందని రెండ్రోజులు ఏడ్చింది.

పచ్చిక కోసే మనిషి ఒకాయనకి జోడీ లేదు. ఆయన్ని కలుపుకుని మీ తాతయ్య కూడా పేరు రాశాడు. ఆ పట్టు చూసి అందరూ నవ్వారు. చీపురు పట్టుకున్నట్టుందన్నారు. వాళ్ళు నవ్వుతుండగానే వీళ్ళిద్దరూ రెండు రౌండ్లు గెలిచేశారు! మూడో రౌండులో మేమే ఎదురు. ఆఖరి గుంట దాకా సమానం. మాది అయిపోయింది. మీ తాతయ్య బంతి నాలుగడుగుల్లో ఉంది. పడితే సమానం, పడకపోతే మేం గెలిచినట్టు. అది పడినట్టే లెక్క, తీసేసుకో బావా అందామని నోరు తెరిచాను, అలా ఇచ్చెయ్యొచ్చు ఆ ఆటలో. ఆయన తల ఎత్తకుండానే, "ఇవ్వకురా" అన్నాడు.

పడిందా అనా? పడలేదు. అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది. గెలిచాం. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఇంక ఆ పట్టు వదిలేస్తాడనుకున్నాం. తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి, పొద్దున్నే అక్కడున్నాడు, అదే కర్ర, అవే ఎర్ర గీతలు. "మళ్ళీ అదేనా బావా?" అన్నాను. "పట్టులో తప్పు లేదురా. కాస్త మెల్లగా కొట్టాను. చేతులు వాటి చోట్లోనే ఉన్నాయి" అన్నాడు. ఎంత నిశ్చింతగా అన్నాడనుకున్నావు! ఏడాది తిరిగేసరికి గీతలు అరిగిపోయాయి, వాటితో పనే లేకపోయింది. నవ్విన టైలరే వచ్చి, "ఏదండీ, ఇంకోసారి చూపించండి" అనేవాడు.

మరుసటేడు బోర్డు చూద్దును కదా, ఆయన పేరు పక్కన నా పేరు. నన్ను అడగలేదు, పెట్టలేదు. పచ్చిక కోసే ఆయన ఏమనుకుంటాడో బావా అంటే, "అడిగానులే, మోకాళ్ళ నొప్పులతో చస్తున్నాను, వదిలితే అదే చాలన్నాడు" అన్నాడు. కప్పా? కప్పూ లేదు, గిప్పూ లేదు, రెండో రౌండులోనే పోయాం. నా మూలంగానే. అడుగున్నర దూరం తప్పాను! మీ తాతయ్య పచ్చిక మీద కూలబడి నవ్వాడు, కళ్ళనీళ్ళొచ్చేలా.

ఇంకో పద్నాలుగేళ్ళు ఆడాం. ఒకసారి, ఇద్దరమే ఉన్నాం, నేనే మొదలుపెట్టాను. "బావా, ఆ ఏడు బోర్డు మీద నేను..." అన్నాను. ఆయన బంతి పెడుతూ, "ముందు గాలి ఎటు వీస్తోందో చూడరా" అన్నాడు. నాలుగు గడ్డిపరకలు పీకి పైకి విసిరాను. ఎడం పక్కనుంచి, బావా, అన్నాను.

ఆఁ... ఆ కిటికీ రెక్క వెయ్యి తల్లీ, దుమ్మొస్తోంది.