పొద్దంతా చచ్చినవాడు

సోమ్లీ ఆ రోజు ముత్యాన్ని ఏమీ అడగదలుచుకోలేదు.

ఇదివరకు మూడుసార్లు అడిగింది. మొదటిసారి "నేను వేరే గుంపుల ఉన్న చెల్లె" అన్నాడు. రెండోసారి "బస్సుల నిద్రపోయిన, నాకేం ఎర్క లేదు" అన్నాడు. మూడోసారి ఇంటికే వెళితే ఊళ్లో లేడని భార్య చెప్పింది, చెప్పులేమో గడప ముందే ఉన్నాయి. అడిగితే నోరు విప్పని మనిషి, అడగకుండా వదిలేస్తే నోరు మూసుకోలేడని ఆ చెప్పులు చూసి తిరిగివస్తుంటే ఆమెకు తట్టింది. అందుకే మరిపెడ అంగడి నాడు, తెచ్చిన రెండు గంపల టమాటాలు మధ్యాహ్నానికల్లా అమ్ముకుని, సంజీవ చాయ్ హోటల్లో చివరి బల్ల మీద ఒక మూలకు కూర్చుంది. ముత్యం రోజూ అక్కడే కోతలు కోస్తాడు. వినాలంతే.

పోయినేడు ఎండాకాలం ఒక మేస్త్రీ ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి అరవై మందిని సినిమా కూలికి బస్సులో పట్నం తీసుకుపోయాడు. పట్నం అవతల ఒక రాళ్ల క్వారీలో పరదేశం వాళ్లు ఏదో రాజుల కాలం నాటి సినిమా తీస్తున్నారు. ఆరో రోజు ఆ బస్సులోనే సోమ్లీ భర్త కిషన్ శవమై తండాకు వచ్చాడు. "తాగి సీట్ల పండిండు, మల్ల లేవలే" అని మేస్త్రీ చెప్పి, బస్సు ఇంజను కూడా ఆపకుండా వెళ్లిపోయాడు.

కిషన్ తాగుడు మాని అప్పటికి రెండేళ్లు. సేవాలాల్ బాపు పేరు మీద ఒట్టు వేసి మరీ మానాడు. అయితేనేం, పాత తాగుబోతు కదా, మేస్త్రీ మాటను తండాలో ఒక్కరూ కాదనలేదు. దినాల నాడు సొంత అన్నదమ్ములే ఆ మాట అన్నారు. బళ్లో తోటి పిల్లలు ఆమె బిడ్డను "తాగి సచ్చినోని బిడ్డ" అని పిలుస్తున్నారు. అది కూడా ఓర్చుకునేదేమో కానీ, రాను రాను సోమ్లీకే లోపల పురుగు తొలవడం మొదలుపెట్టింది. పట్నం పోయినంక మళ్లీ మొదలుపెట్టాడేమో. ఒట్టు తప్పాడేమో. ఆ సంగతి దగ్గరుండి చూసిన మనిషి ఒక్కడే. బస్సులో కిషన్ పక్క సీటు, పనిలో కిషన్ పక్క వరస, ముత్యానిదే.

ముత్యం వచ్చాడు. సోమ్లీని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు గానీ, ఆమె తల తిప్పుకుని గాజుగ్లాసులోకి చూసుకుంటుంటే ధైర్యం వచ్చి అవతలి బల్ల మీద కూర్చున్నాడు. అక్కడ ఎరువుల దుకాణం జైపాల్ పటేల్ కాలు మీద కాలేసుకుని అతని కోసమే కాచుకుని ఉన్నాడు.

"ఏం ముత్యం, నీ సినిమా ఫోన్లకు వచ్చింది గదా. నిన్న రెండున్నర గంటలు కండ్లు కాయలు కాసేటట్టు చూసిన. నువ్వు యాడ లేవు."

"నేనేమన్న గొప్ప చేసిన్నని చెప్పుకున్ననా పటేలా?" అన్నాడు ముత్యం వినయంగా, చాయ్ సాసరులో పోసుకుంటూ. "ఒక బల్లెం ఇచ్చిండ్రు, పట్టుకొని నిలబడ్డ. గంతే. నిలబడ్డోళ్లు శాన మంది. కాకపోతే నేను నిలబడ్డ తీరు చూసి డైరెక్టర్ జర ఆగిండు. ఆగి, కళ్లద్దాలు తీసి చూసిండు. సరే, అది పోనియ్యి."

"పోనిస్తె నీకే నిద్ర పట్టది. చెప్పు," అన్నాడు సంజీవ పొయ్యి దగ్గర నుంచి.

ముత్యం సాసరు కింద పెట్టాడు. ఇక మాటలు కోటలు దాటడం మొదలైంది.

"అదొక రాజ్యం పటేలా. సముద్రాలకు అవతల, మబ్బుల మీద కొండలు, ఆ కొండల మీద ఊళ్లు. వాళ్లను ఇన్కాలంటరు. మనింట్ల మక్కలున్నట్టు వాళ్లింట్ల బంగారం. స్పెయిన్ దేశపోళ్లు గుర్రాలేసుకొని, ఇనుప అంగీలు తొడుక్కొని దిగిండ్రు, ఎంతమంది అనుకున్నవ్? నూట అరవై ఎనిమిది మంది. మోసపోయేటోనికి లెక్కతోని పనేముంది! రాజు వాళ్లను నమ్మి, ఆయుధాలు లేకుంట, పల్లకి ఎక్కి, వేల మందిని ఎంబడి తీసుకొని చూడనీకి పోయిండు. ఇగ మూలమూలలకెళ్లి తుపాకులు పేలినయి. తప్పిచ్చుకోనీకి తొవ్వ లేదు. పొద్దు గూకేలోపల కోసి కుప్పలేసిండ్రు. ఆ కోతకు గురైన జనం మనమన్నట్టు, మన రంగు వాళ్ల రంగు కలిసింది. నాకు మొదటిరోజు బల్లెం. రెండోరోజు నా భుజాలు చూసి, గీయన రాజు పల్లకి మోయాలె అన్నరు. పదహారు మంది మోసే పల్లకి. అటెన్క ఏమైందో ఎర్కేనా? పదిహేను మందికి ఎండదెబ్బ తాకింది. నేనొక్కన్నే మోసిన."

"ఒక్కనివే మోస్తె పల్లకి ఒక దిక్కు ఒరుగదా?" అన్నాడు జైపాల్.

"ఒరుగుతది. అందుకే నడుమకు దూరి నెత్తి మీద పెట్టుకున్న, బోనం లెక్క."

హోటలంతా నవ్వింది. సోమ్లీ గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చుంది. ఇంకా కిషన్ రాలేదు కథలోకి.

"గంతల రాజు యేషం కట్టినాయనకు వాంతులు పట్టుకున్నయి," అన్నాడు ముత్యం. "లోడు లోడు గుర్రాలు, దినానికి కోట్ల ఖర్చు, ఆపుతరా? నన్ను కూసోబెట్టి కిరీటం పెట్టిండ్రు. వాళ్ల భాష రెండు గంటలల్ల నేర్చుకున్న, నేర్పిన పంతులే నాతోని మాట్లాడాలంటే పరేషాన్ అయిండు."

"సినిమాల రాజు మొఖం వేరే ఉన్నది మరి."

"మొఖం కంప్యూటర్ల మార్చిండ్రు పటేలా. నడక నాది. ఇంటికి పోయి మల్ల చూడు. ఆ రాజును బంధించి, గది నిండ బంగారం ఇస్తె ఇడిసిపెడ్తం అన్నరు. రాజు చెయ్యెత్తి గోడకు గీత గీయాలె, గింత ఎత్తు నింపుత అని. నా చెయ్యి ఆ రాజు చెయ్యికన్న జానెడు పొడుగాయె. గీత మీదికి పోయింది. పెట్టిన బంగారం సాలక, పట్నంల దుకాణాలన్ని ఆ రోజు బంద్ పెట్టి సామాను క్వారీకి పంపిండ్రు."

"నింపినంక ఇడిసిపెట్టిండ్రా రాజును?" అని అడిగాడు సంజీవ, నిజంగానే తెలుసుకోవాలని.

"యాడిది? నింపిచ్చుకున్నరు, గొంతు పిసికి సంపిండ్రు."

ఎవరూ నవ్వలేదు. సంజీవ పాలగిన్నె మీద మూత సర్ది "అడిగేటప్పుడు ఒక నోరు, తీసుకున్నంక ఒక నోరు. గది ఆ దేశంలనే గాదు" అన్నాడు.

కథ చల్లబడిపోతుందేమోనని సోమ్లీకి భయం వేసింది. ముత్యం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు, లేచేటట్టే ఉన్నాడు. ఆమె అనుకోని చోటు నుంచి జైపాల్ సాయపడ్డాడు.

"గివన్ని పక్కకు పెట్టు. సచ్చినోళ్లను మొత్తం పై నుంచి తీసిండ్రు. ఎర్ర గొంగళ్లు కప్పుకొని పడున్నరు. అచ్చం మన మిర్చి కల్లం లెక్కుంది. అండ్ల నువ్వు ఏ కాయవో చెప్పు సాలు."

నవ్వులకు హోటలు రేకులు అదిరాయి. ముత్యం మొహం ఎర్రబడింది. బల్లెం లేదన్నా ఊరుకునేవాడు, కిరీటం లేదన్నా ఊరుకునేవాడు. ఈ మాట ఎందుకో ఎక్కడో తగిలింది.

"సచ్చుడంటే గంత అల్కగున్నదా పటేలా?" అన్నాడు గొంతు పెంచి. "నువ్వు ఒక్క గడియ సచ్చి చూడు, తెలుస్తది. పొద్దుగాల్ల ఏడు గంటలకు పడేసిండ్రు మమ్ముల. మీద ఎండ, కింద రాయి పెనం లెక్క కాలుతాంది. ఒకడు గోక్కుంటడు, ఒకడు తుమ్ముతడు, ఒకడు నీడకు జరుగుతడు. కదిలినప్పుడల్ల డైరెక్టర్ తిట్టుడు, మల్ల మొదటికెళ్లి తీసుడు. నేను కదిలితే ఒట్టు. ముక్కుల ఈగ దూరింది. బయటికొచ్చింది. మల్ల దూరింది. కంటి కొసకు చీమలు బారు కట్టినయి. రెప్ప ఎయ్యలే. పగటేల్ల డైరెక్టర్ మైకుల మాట్లాడిండు, పక్కకున్నాయన తెలుగుల చెప్పిండు, 'అందరు గాయనను చూడుండ్రి, సచ్చుడంటే గట్ల సావాలె' అని. తెల్లోళ్లు చప్పట్లు కొట్టిండ్రు పటేలా! అటెన్క ఏమైందో ఎర్కేనా? మా మీదికెళ్లి గుర్రాలను ఉరికిచ్చిండ్రు. పక్కలకెళ్లి పోవాలె అవి. ఒక నల్ల గుర్రం బెదిరి సీదా నా చెయ్యి మీదనే కాలేసింది. నాడా కొట్టిన కాలు. ఎముకలు పటపట అన్నయి. నేను కదల్లే. అబ్బ అనలే."

"అంటె మల్ల మొదటికెళ్లి తియ్యాలె గదా," అన్నాడు జైపాల్.

"అప్పుడు డాక్టర్ ఉరికొచ్చిండు. నాడి పట్టిండు. నాడి లేదు. ఎద మీద చెవి పెట్టిండు. చప్పుడు లేదు. గంత మంచిగ సచ్చిన! మొఖం మీద గుడ్డ కప్పి, నలుగురు లేపి యాన్ల ఏసిండ్రు."

"యముడు గిట్ల రాలేదా నీ కోసం?"

"వచ్చిండు. గేటు కాడ వాచ్‌మన్ ఆపిండు, పాసు లేదని."

జైపాల్ తొడ చరుచుకుని నవ్వాడు. సంజీవ నవ్వు ఆపుకోలేక గరిటె పక్కన పెట్టాడు. ముత్యం కూడా నవ్వబోయాడు గానీ, అతని నవ్వు సగంలోనే ఆగిపోయింది. సోమ్లీ లేచి అతని ముందు నిలబడి ఉంది.

"ఏ చెయ్యి అన్నా?"

"ఏంది?"

"గుర్రం తొక్కింది ఏ చెయ్యి?"

కోతలు కోసే నాలుక, ఆగమన్నా ఆగలేదు. "కుడి చెయ్యి" అన్నాడు.

"చూపియ్యి."

ముత్యం చెయ్యి తువ్వాలు కిందికి పోయింది. సోమ్లీ వంగి దాన్ని బయటికి లాగి, బల్ల మీద పెట్టి, అరచెయ్యి చూసింది, తిప్పి వెనక చూసింది. ఐదు వేళ్లు ఐదూ తిన్నగా ఉన్నాయి. గోళ్ల సందున మిర్చి ఎరుపు తప్ప మచ్చ లేదు.

"కిషన్‌కు కడపటి నీళ్లు పోసింది నేను," అంది సోమ్లీ. గొంతు పెంచలేదు. "కుడిచెయ్యి నాలుగు వేళ్లు ఇరిగి ఉండె. మీద సగం చందమామ లెక్క అచ్చు ఉండె. ఏందిది అని మేస్త్రీని అడిగితే, తాగి దిగుతాంటె బస్సు తలుపుల పడ్డది అన్నడు. ఆ సినిమాల గుర్రాలుండెనని నాకు ఇయ్యాలనే తెలిసింది."

ఆమె బొటనవేలు ముత్యం మణికట్టు మీద ఉంది. దాని కింద నాడి గబగబా కొట్టుకుంటోంది.

"డాక్టర్‌కు దొరకని నాడి గిది గాదన్నా. గిది ఉరుకుతాంది."

జైపాల్ చేతిలోని ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. పొయ్యి మీద చాయ్ పొంగి మంటలో పడి సుయ్యిమంది, సంజీవ చూస్తూనే ఉన్నాడు గానీ దించలేదు. ముత్యం ఒకసారి గుమ్మం వైపు చూశాడు, ఒకసారి జైపాల్ వైపు చూశాడు. చివరికి బల్ల మీద ఉన్న తన చెయ్యినే చూస్తూ మాట్లాడాడు.

"నా పక్కకే పండిండు. వాన్నే మెచ్చుకున్నది డైరెక్టర్. అప్పటికే పానం పోయింది, ఎవ్వలకు ఎర్క లేదు. గుర్రం తొక్కినంక గుడ కదలకపోతే అప్పుడు వచ్చి చూసిండ్రు. బస్సెక్కే ముందు మేస్త్రీ అందరితోని ఒట్టేయిచ్చుకున్నడు. బస్సుల తాగి సచ్చిండని చెప్పాలె, లేకుంటే మల్ల ఎవ్వలను పనికి పిలువ అన్నడు. అందరితోని పాటు నేను గుడ సరే అన్న."

"తాగి ఉండెనా ఆ రోజు?"

"లేదు చెల్లె."

"అంతకుముందు రోజులు?"

"ఒక్కనాడు ముట్టలే. మేం తాగుతాంటే బయట పండేటోడు."

సోమ్లీ కళ్లు మూసుకుని తెరిచింది. "పటేలా, ఇన్నవా?"

"ఇన్న," అన్నాడు జైపాల్. అతని కాలు మీద కాలు ఎప్పుడో దిగిపోయింది.

"సంజీవన్నా?"

"ఇన్న సోమ్లీ. యాడికి రమ్మంటే ఆడికొచ్చి చెప్త."

"లే ముత్యమన్నా. తండాకు నడువు. వాళ్ల అన్నదమ్ముల ముందట, నా బిడ్డ ముందట గిదే మాట చెప్పాలె. పల్లకి వద్దు, కిరీటం వద్దు. గిది ఒక్కటి చెప్పు."

ముత్యం లేచాడు. తువ్వాలు జారి కింద పడింది, తీసుకోలేదు. హోటలు మెట్లు దిగాక సోమ్లీ ఆగింది.

"పోయేముందట ఏమన్న అన్నడా?"

అడిగింది ముత్యాన్ని. కిషన్ చివరి మాటలు ఎంత కావాలంటే అంత గొప్పగా చెప్పగల నోరు అది. నీ పేరు పలికిండనో, బిడ్డను మంచిగ సదివియ్యమన్నడనో చెప్పి ఉంటే ఆమె నమ్మేది. నమ్మాలనే అడిగింది కూడా. ముత్యం పెదవులు రెండుసార్లు కదిలి ఆగాయి.

"నీళ్లు అడిగిండు," అన్నాడు.

"నువ్వేమన్నవు?"

"సచ్చినోళ్లు మాట్లాడొద్దు, గమ్మున పండు అన్న."

సోమ్లీ అతని మణికట్టు వదల్లేదు. అలాగే పట్టుకుని అంగడి జనంలోంచి తండా ఆటోలు ఆగే చోటుకు నడిపించుకుపోయింది.