అట్టలో మిగిలిన మాత్రలు

పక్క గదిలో తండ్రి మంచాన పడి ఉన్నాడు. వంటింట్లో కూతురు, ఆసుపత్రి నుంచి వారానికోసారి ఇంటికొచ్చే సోషల్ వర్కర్.

“ఇవేంటని అడుగుతున్నా. డబ్బాల వెనకాల దాచారే, ఇవి!”

“మాత్రలు.”

“మాత్రలని నాకూ కనిపిస్తోంది. నొప్పికి నాలుగు గంటలకొకటి వెయ్యమన్న మార్ఫిన్ మాత్రలు. పోయిన మంగళవారం ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయేం?”

“వేస్తున్నా మేడమ్, చీటీ చూడండి...”

“చూశా. టిక్కులు బ్రహ్మాండంగా పెట్టారు. టిక్కులు మింగుతాడా ఆయన?”

“గట్టిగా అరవకండి. నాన్న వింటాడు.”

“ఆయన కేకలు వీధి చివరిదాకా వినిపిస్తున్నాయి. నా గొంతే ఎక్కువైందా మీకు?”

“అలవాటైపోతుందేమోనని...”

“అలవాటా? క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. ఉన్న నాలుగు రోజులకి అలవాటేంటి? మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పానా, లేదా?”

“చెప్పారు.”

“అర్థం కాలేదా?”

“అయింది.”

“మరి? కన్నతండ్రి మీద పగబట్టారా?”

“నోటికొచ్చినట్టు మాట్లాడకండి! వాంతులు ఎత్తిపోసేది నేను, పక్కబట్టలు మార్చేది నేను. మీరు వారానికోసారొచ్చి...”

“అవును, వారానికోసారే వస్తా. అందుకేగా మిమ్మల్ని నమ్మింది! ఎందుకు వెయ్యలేదు?”

“అంతకుముందు వారం వేశా. వేస్తే నిద్రపోతున్నాడు.”

“పోనివ్వండి! దానికేగా ఇచ్చింది!”

“నిద్రపోతే మాట్లాడడు.”

“మెలకువగా ఉండి మాత్రం ఏం మాట్లాడుతున్నాడు, మూలగడం తప్ప?”

“మీకు చెప్పినా అర్థం కాదు.”

“చెప్పి చూడండి. చెప్పేదాకా ఇక్కణ్ణించి కదలను.”

“నాకు నచ్చినవాణ్ణి చేసుకున్నానని తొమ్మిదేళ్ళు నా మొహం చూడలేదండీ. గోడతోనైనా మాట్లాడాడు గానీ నాతో మాట్లాడలేదు. మంచాన పడ్డాకా అంతే. దాహమేస్తే గ్లాసు వైపు చూస్తాడు, నా వైపు చూడడు. నొప్పొచ్చినప్పుడు మాత్రం...”

“నొప్పొచ్చినప్పుడు?”

“‘అమ్మా’ అంటాడు. చిన్నప్పుడు నన్నట్లాగే పిలిచేవాడు.”

“అయ్యో... నొప్పికి ఎవరైనా అమ్మా అనే అంటారు కదండీ. అది మిమ్మల్ని కాదు.”

“తెలుసు. నీళ్ళివిగో, తీసుకెళ్ళి మాత్ర వెయ్యండి. నన్ను కాదని తెలిసే, వారం రోజులుగా ‘ఆఁ నాన్నా, వస్తున్నా’ అని పలుకుతున్నాను.”